ఉపవాస శిబిరాల నిర్వాహకులకు ఒక కళ్ల పరీక్షకుడి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపవాస శిబిరాలు నడుపుతున్న ప్రకృతి చికిత్సకులకు, యోగా గురువులకు, సంస్థల నిర్వాహకులకు నమస్కారం.

నేను ఉపవాసానికి విరోధిని కాను. మా ఇంట్లో ఏకాదశి నాడు పొయ్యి వెలిగేది కాదు. కార్తీక సోమవారాల్లో నక్షత్రం కనిపించాకే విస్తళ్లు వేసేవారు. లంఖణం పరమౌషధం అన్న మాట వింటూ పెరిగాను. షుగరు, బీపీ, ఊబకాయం ఉన్నవాళ్లు మీ దగ్గర కొన్నాళ్లు ఉండి, బరువు తగ్గి, తేలికగా నడుస్తూ తిరిగి రావడం కళ్లారా చూశాను. ఆ విషయంలో మీతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఈ మధ్య మీ కరపత్రాల్లోకి, వీడియోల్లోకి వచ్చి చేరిన ఒక వాగ్దానంతోనే: ఉపవాసంతో చూపు మెరుగవుతుందట, అద్దాలు పోతాయట, శుక్లాలు కరుగుతాయట, నీటికాసులు, అంటే గ్లకోమా, తగ్గుతాయట. ఒక శిబిరం ముగింపు సభలో వేదిక మీద బుట్ట పెట్టి, కళ్లద్దాలు అందులో వేయమన్నారని వేసివచ్చినవారే నాకు చెప్పారు.

నేను ఆప్టోమెట్రిస్టును. ఉద్యోగమంతా చీకటి గదిలో అద్దాలు మార్చి మార్చి “ఇదా, అదా, ఏది బాగుంది?” అని అడగడంలోనే గడిచింది. మీ శిబిరం నుంచి వచ్చినవారు కళ్ల సంగతి తేల్చుకోవడానికి మొదట కూర్చునేది మాలాంటివాళ్ల ముందే. కొందరు సంబరంగా వస్తారు, పాత అద్దాలు పట్టడం లేదు, సైటు తగ్గిపోయింది, చూడండి అంటారు. మరికొందరు కొన్ని నెలల తర్వాత వస్తారు. వారి ముఖంలో సంబరం ఉండదు.

సంబరంగా వచ్చినవారు అబద్ధం చెప్పడం లేదు. వారి నంబరు నిజంగానే మారి ఉంటుంది. ఎందుకు మారిందో మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే వారి మాటలే మీ ప్రచారానికి ఆధారం.

రక్తంలో చక్కెర బాగా పెరిగి కొన్నాళ్లు అలాగే ఉంటే కంటిలోని కటకంలో (లెన్సులో) నీటి పాళ్లు మారతాయి. దానితో కటకం ఆకారం, కాంతిని వంచే శక్తి కూడా మారతాయి. చాలామందిలో ఈ మార్పు హ్రస్వదృష్టి వైపు ఉంటుంది, అంటే దూరపు వస్తువులు మసకబారతాయి. చక్కెర వేగంగా దిగినప్పుడు నంబరు వెనక్కి జరుగుతుంది. ఇందులో వింత ఏమీ లేదు. చక్కెర అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉండేదాకా కొత్త అద్దాలు రాయవద్దని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పుతారు. ఇప్పుడు మీ శిబిరానికి వచ్చిన షుగరు మనిషిని తలచుకోండి. అన్నం మానాడు, టీ మానాడు, రోజూ నడిచాడు. చక్కెర దిగింది. బస్సు మీది ఊరిపేరు దూరం నుంచే చదవగలిగాడు. మీ మైకు ముందు నిలబడి కన్నీళ్లతో ఆ మాట చెప్పాడు. బాగుపడింది అతని చక్కెర, దాని వెనకే నంబరు జరిగింది. మాత్రలతో దించినా, ఇన్సులిన్‌తో దించినా ఇదే జరిగేది. ఇంటికి వెళ్లి మళ్లీ పాత తిండిలో పడితే పాత నంబరు కూడా తిరిగి వస్తుంది. పైగా చక్కెర దిగిన మొదటి వారాల్లో చాలామందికి దగ్గరి అక్షరాలు అంతకు ముందుకన్నా కష్టమవుతాయి. పేపరు చదవలేకపోతున్నానని మా దగ్గర వాపోతారు. ఆ వాక్యం మీ వీడియోలో ఉండదు.

రెండో రకం సాక్ష్యం ఇంకా చిత్రమైనది. అరవై దాటిన పెద్దాయన చత్వారపు అద్దాలు లేకుండా పంచాంగం చదువుతున్నాడు. “చూశారా, ఉపవాస మహిమ!” అని మీరు చప్పట్లు కొట్టిస్తారు. మేము ఆ కంట్లోకి లైటు వేసి చూస్తే కటకం మధ్య భాగం పసుపు తిరిగి గట్టిపడుతూ ఉంటుంది. అది శుక్లం మొదలైన గుర్తు. ఇలాంటి శుక్లం కటకం శక్తిని పెంచి కంటిని హ్రస్వదృష్టి వైపు నెడుతుంది కాబట్టి దగ్గరి చూపు కొన్నాళ్లు తేటగా ఉంటుంది. అదే సమయంలో దూరపు చూపు తగ్గుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉపవాసం చేయని వారిలోనూ ఇది వస్తుంది, మా నాయనమ్మ తరం వాళ్లు దాన్ని పూర్వపుణ్యం అనుకునేవారు. ముదురుతున్న జబ్బును నయమైన జబ్బుగా మీరు వేదిక మీద నిలబెడుతున్నారు.

ఇక పాతికేళ్ల ఐటీ కుర్రాళ్లు. కళ్ల మంట పోయింది, బరువు పోయింది అంటారు. పోతుంది మరి! మీ దగ్గర ఫోను లాక్కుంటారు, రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెడతారు, పొద్దున చెట్ల కింద నడిపిస్తారు. తెర చూస్తూ కూర్చుంటే రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కన్ను ఎండుతుంది. తెర పక్కన పెడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. దీనికి అన్నం మానక్కరలేదు.

ఈ మూడింటినీ పక్కన పెట్టాక మిగిలే ప్రశ్న ఒకటుంది. ఉపవాసం కంటి నిర్మాణాన్నే మార్చగలదా? హ్రస్వదృష్టి ఉన్న చాలామందిలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికన్నా పొడవుగా ఉంటుంది. పెద్దవారి కనుగుడ్డు పొడవు దాదాపు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే రెండున్నర మూడు డయాప్టర్ల (అద్దాల నంబరు కొలత) సైటు వస్తుంది. పొట్ట తగ్గినట్టు కనుగుడ్డు తగ్గదు. చత్వారానికి కారణం వయసుతో కటకం బిగుసుకుపోవడం. ఉపవాసం దాన్ని మెత్తబరచదు. గాంధీజీని గుర్తు చేసుకోండి. ప్రకృతి చికిత్సను అంతగా నమ్మి, 1946లో పుణె దగ్గరి ఉరుళీ కాంచన్‌లో చికిత్సా కేంద్రమే పెట్టించిన మనిషి. 1943లో ఆగాఖాన్ భవనంలో 21 రోజులు నిరాహారంగా ఉన్నారు, 1948 జనవరిలో మళ్లీ ఉపవాసం చేశారు. ఆయన గుండ్రని అద్దాలు చివరిదాకా ముక్కు మీదే ఉన్నాయి.

శుక్లాలు కరగడం గురించి చెప్పేటప్పుడు మీలో కొందరు “ఆటోఫజీ” అనే మాట వాడుతున్నారు. ఆకలితో ఉన్న కణం తన చెత్తను తానే తింటుంది, దీనికే 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి నోబెల్ ఇచ్చారు కదా అంటున్నారు. ఆయన చూపించింది ఈస్టు కణాల్లో ఆ ప్రక్రియను నడిపే జన్యువుల్ని. కంటి కటకం సంగతి వేరు. అందులోని ప్రధాన కణాలు ఎదిగే క్రమంలోనే తమ కేంద్రకాన్ని, లోపలి అవయవాలను వదిలేసుకుంటాయి, కాంతికి అడ్డు రాకూడదు కాబట్టి. అక్కడ శుభ్రం చేసే యంత్రాంగమే మిగలదు. కటకం నడిబొడ్డున ఉన్న ప్రొటీన్లు మనం తల్లి కడుపులో ఉండగా తయారైనవి, చనిపోయేదాకా అవే ఉంటాయి. ఎంత మారకుండా ఉంటాయంటే, గ్రీన్‌లాండ్ సొరచేప వయసును శాస్త్రవేత్తలు 2016లో దాని కటకం మధ్యభాగంలోని కార్బన్‌ను బట్టే లెక్కగట్టారు, కొన్ని వందల ఏళ్లు బతుకుతుందని తేల్చారు. అలాంటి చోట పేరుకున్న మసకను పది రోజుల నిమ్మరసం కడిగేస్తుందని ఎలా చెబుతారు?

శాస్త్రం తెలిసిన పండితులు మరో ఆధారం చూపిస్తారు. కంటి రోగాలు, కడుపు రోగాలు, పడిశం, వ్రణం, జ్వరం, ఈ ఐదూ ఐదు రాత్రుల లంఘనంతో శాంతిస్తాయని పాత శ్లోకం ఉంది. ఆ శ్లోకం మీద నాకు గౌరవమే. అయితే అందులో కంటి పక్కన కూర్చున్న రోగాలు ఎలాంటివో చూడండి. పడిశం, జ్వరం చాలావరకు వచ్చి వాటంతట అవే పోయేవి. కళ్లకలక కూడా అంతే, తేలికపాటిదైతే వారం పది రోజుల్లో మందు వేసినా వేయకపోయినా తగ్గుతుంది. చెప్పినవారు అలాంటి కళ్లనే చూసి చెప్పి ఉంటారని నా నమ్మకం. దాన్ని తెచ్చి నీటికాసులకు, షుగరుతో పాడైన రెటీనాకు (కంటి వెనక తెరకు) అంటగట్టడం శ్లోకానికే అన్యాయం.

ఉపవాసానికి దగ్గరి పథ్యం కంటికి నిజంగా మేలు చేసిన సందర్భాలు లేకపోలేదు. వాటిని దాచడం నాకు ఇష్టం లేదు. మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో ఒత్తిడి పెరిగి కంటి నరం ఉబ్బే జబ్బు ఒకటి ఉంది, ఎక్కువగా ఊబకాయం ఉన్న యువతుల్లో వస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి 25 మంది స్త్రీలకు మూడు నెలలపాటు రోజుకు 425 కేలరీల ఆహారమే ఇచ్చి చూశారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల్లో బరువుతో పాటు తలలోని ఒత్తిడి, నరం వాపు కూడా తగ్గాయి. అంతకు చాలా ముందు, 1940లలో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు తీవ్రమైన రక్తపోటు ఉన్నవారికి అన్నం, పండ్లు, చక్కెరతో ఉప్పు దాదాపు లేని కఠిన పథ్యం పెట్టాడు. బీపీకి మంచి మందులు లేని కాలమది. ఆయన రోగుల కంటి వెనుక భాగాన్ని ఫొటోలు తీసి ఉంచాడు. రెటీనాలోని రక్తపు మరకలు, నరం వాపు తగ్గిన తీరు ఆ ఫొటోల్లో కనిపిస్తుంది. మీ శిబిరాల నుంచి ఒక్క అలాంటి ఫొటో అయినా వచ్చిందా? మైకు ముందు మాటలే తప్ప కొలత ఒక్కటీ లేదు.

షుగరు రెటీనాకు ఉపవాసం మంచిదని 2018లో ఒక పరిశోధన వచ్చిన మాటా నిజమే. రోజు విడిచి రోజు పస్తు పెట్టిన మధుమేహపు ఎలుకల్లో రెటీనా దెబ్బతినడం తగ్గింది. ఆసక్తికరమైన పని. ఎలుకల మీద చేసిన పని.

ఇప్పుడు ఆలస్యంగా, దిగులుగా వచ్చేవారి గురించి. ఈ ఉత్తరం రాయించింది వాళ్లే.

షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవారిలో రెటీనా లోపల రక్తనాళాలు చడీచప్పుడు లేకుండా పాడవుతాయి. చూపు బాగానే ఉంటుంది కాబట్టి వారికి తెలియదు. అలాంటి కంట్లో చక్కెర ఒక్కసారిగా దిగితే రెటీనా మొదట్లో మెరుగుపడే బదులు దిగజారే ప్రమాదం ఉంది. 1,441 మంది మీద అమెరికా, కెనడాల్లో జరిగి 1993లో ఫలితాలు వెల్లడైన ప్రసిద్ధ మధుమేహ అధ్యయనంలో దీన్ని స్పష్టంగా చూశారు. చక్కెరను గట్టిగా అదుపు చేసిన గుంపులో మొదటి ఏడాదిలో 13.1 శాతం మందికి రెటీనా దిగజారింది, మామూలు చికిత్స గుంపులో 7.6 శాతం మందికి. ఆ తర్వాతి ఏళ్లలో గట్టి అదుపే రెటీనాను బాగా కాపాడింది, అందుకే అదుపు మానవద్దనే చెబుతాం. కానీ చక్కెర దించేముందు రెటీనా చూపించుకోవాలి, అవసరమైతే ముందే లేజరు చేయించుకోవాలి. ఆ అధ్యయనంలో చక్కెర దించింది ఇన్సులిన్. మీరు దించేది పస్తుతో. ఏ దారిలో దిగినా పాడైన రెటీనాకు ఆ జాగ్రత్త కావాలి. మీ నమోదు కాగితంలో బరువు, బీపీ, షుగరు రాయడానికి గడులున్నాయి. రెటీనా పరీక్ష ఎప్పుడు చేయించారు అనే గడి నేనెక్కడా చూడలేదు.

అందరికన్నా ఎక్కువ బాధ కలిగించేది నీటికాసుల వాళ్ల సంగతి. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తుంది, పోయినది తిరిగి రాదు. రాత్రిపూట వేసుకునే ఒక చుక్క మందే చాలామందిలో మిగిలిన చూపును నిలబెడుతుంది. శిబిరంలో చేరగానే “రసాయనాలన్నీ ఆపితేనే ఒళ్లు శుద్ధి అవుతుంది” అంటారు. విశ్రాంత ఉద్యోగి ఒకరు అలా చుక్కలు మానేశారు. మానినా ఏ తేడా తెలియలేదు, అదే ఈ జబ్బు మోసం. తేడా తెలిసి నా దగ్గరికి వచ్చేసరికి కుడి కంటికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాత్రమే కనిపిస్తోంది, పక్కన నిలబడిన భార్య కనిపించడం లేదు. ఆయనకు చెప్పిన శిబిరం పేరు రాయను. మీలో ఎవరైనా అయి ఉండవచ్చు, అందుకే అందరికీ రాస్తున్నాను.

చుక్కలు మానకపోయినా వీరికి ఇంకో చిక్కు ఉంది. లేవగానే లీటరుకు పైగా నీళ్లు ఆపకుండా తాగాలని మీలో చాలామంది నియమం. గ్లకోమా వైద్యంలో ఒక పాత పరీక్ష ఉంది: ఐదు నిమిషాల్లో లీటరు దాకా నీళ్లు తాగించి, పావుగంటకోసారి కంటి ఒత్తిడి కొలుస్తారు. ఒత్తిడిని కావాలని పెంచి, కన్ను ఎంతవరకు తట్టుకుంటుందో చూడటానికి చేసే పరీక్ష అది. మీరు అదే పనిని రోజూ పొద్దున్నే ఆరోగ్య సూత్రంగా చేయిస్తున్నారు. నీటికాసులు ఉన్నవారికి ఆ నీళ్లే గంటలుగా విడదీసి కొద్దికొద్దిగా ఇస్తే మీ నియమానికి వచ్చే లోటేమీ లేదు. శీర్షాసనం కూడా వారితో వేయించకండి, ఆ భంగిమలో కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది.

మతపరంగా ఉపవాసం ఉండేవారి విషయంలో ఒక మాట. రంజాన్ నెలలో చుక్కలు వేసుకుంటే రోజా చెడుతుందేమోనని పగలంతా మానేసేవారు ఉన్నారు. కంటి చుక్కలతో ఉపవాసం చెడదని ఎందరో ఇస్లాం ధర్మశాస్త్ర పండితులు చెప్పారు. శివరాత్రికీ, క్రైస్తవుల శ్రమకాలపు ఉపవాసాలకూ చుక్కలు అడ్డమని ఎవరూ అన్నట్టు నేను వినలేదు.

అసలు ఆకలికీ కంటికీ ఉన్న సంబంధం మన ప్రాంతానికి తెలియనిది కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలపాటు చూసింది దాన్నే. తిండి చాలని పిల్లల్లో విటమిన్ ఎ లోపించి, మొదట రేచీకటి, తర్వాత తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు, చివరికి నల్లగుడ్డు మెత్తబడి చూపు పోవడం. ఆరు నెలలకోసారి పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం వేసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది ఆ సంస్థ పరిశోధన మీదే. బయట చూస్తే, క్యూబాలో 1990ల మొదట్లో తిండికి కటకట వచ్చినప్పుడు యాభై వేల మందికి పైగా కంటి నరం, కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిన్నాయి. బి విటమిన్లు ఇచ్చాక ఆ ఉపద్రవం తగ్గుముఖం పట్టింది. 1981లో ఉత్తర ఐర్లాండ్ జైలులో నిరాహార దీక్ష చేసిన ఖైదీలకు వారాలు గడిచేకొద్దీ కనుగుడ్లు అదుపు తప్పి ఊగడం, ఒకటి రెండుగా కనిపించడం, చివరికి చూపు పోవడం జరిగింది. మీ పది రోజుల శిబిరం అంత దూరం పోదని నాకు తెలుసు. కానీ “ఇంకా ఉండగలిగితే ఇంకా మంచిది” అని మీరు అనగా విని, ఇంటికి వెళ్లి నెలల తరబడి రసాల మీదే ఉండేవారున్నారు. వారిలో కొందరికి చక్కెర మాత్రలు కూడా నడుస్తూ ఉంటాయి. పస్తు మీద గ్లిమిపిరైడ్ వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటే చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయం కావచ్చు.

పిల్లల అద్దాలు తీయించడం గురించి ఒక్క వాక్యమే రాస్తాను, ఎందుకంటే దీని మీద చర్చకు తావు లేదు: ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు అవసరమైన అద్దాలు మాన్పిస్తే మెదడు ఆ కన్నును వాడటం నేర్చుకోక, పెద్దయ్యాక ఏ అద్దం పెట్టినా సరిచేయలేని సోమరి కన్ను మిగలవచ్చు.

1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం శుక్లాలు, గ్లకోమా, అంధత్వం, మధుమేహం నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. మందు అమ్మేవాడు అనకూడని మాటను, ఏ మందూ ఇవ్వని మీరు కరపత్రంలో అచ్చు వేయిస్తున్నారు.

అడిగేది పెద్దగా ఏమీ లేదు. చూపు మెరుగవుతుందనే ఆ పంక్తి కరపత్రాల నుంచి తీసేయండి. అద్దాలు, చుక్కలు ఎవరితోనూ మాన్పించకండి. షుగరు ఉన్నవారిని చేర్చుకునేముందు రెటీనా పరీక్ష కాగితం అడగండి, జిల్లా ఆసుపత్రిలో అది దొరుకుతుంది. ఉపవాసంతో చూపు మెరుగవుతుందనే మీ నమ్మకం గట్టిదైతే, కొలిచి చూపించండి. మొదటి రోజు పొద్దున ఆరు మీటర్ల దూరంలో చార్టు పెట్టి, ఒక్కో కన్ను విడిగా మూసి చదివించి రాసుకోండి. ఆనాటి షుగరు పక్కనే రాయండి. చివరి రోజు అదే గదిలో, అదే వెలుతురులో, వేరే అక్షరాలున్న చార్టుతో మళ్లీ చూడండి. ఆరు బయట ఎండలో చూడకండి, ఎండలో కంటిపాప చిన్నదై ఎవరికైనా కాస్త తేటగానే కనిపిస్తుంది. నెల తర్వాత ఇంకోసారి పిలిచి కొలవండి. షుగరు మారకుండా ఉన్నవారిలో నంబరు తగ్గి నిలబడితే ఆ కాగితాలు నాకూ ఒక ప్రతి పంపండి, కంటి డాక్టర్ల ముందు పెట్టే పూచీ నాది.

చార్టులు నా దగ్గర తెలుగు అక్షరాలవి, అంకెలవి, చదువు రానివారి కోసం గుర్తులవి కూడా ఉన్నాయి. మీ కార్యకర్తలకు కొలత నేర్పడానికి ఒక పూట చాలు. పిలిస్తే వస్తాను. రానుపోను ఖర్చులు నేనే పెట్టుకుంటాను. భోజనం సంగతి మీ నియమం ప్రకారమే కానివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆప్టోమెట్రిస్టు